చీరను బట్టి దుఃఖాన్ని కొలవడం
జీవితకథా చిత్రం చూసినవారు అసలు కుటుంబసభ్యుల ఫొటోలు వెతికి, రూపురేఖలను బట్టి తీర్పులు చెప్పడం అన్యాయమని ఒక వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 2022 జూన్‌లో, సైనికాధికారి మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ జీవితకథతో తీసిన 'మేజర్' విడుదలైనప్పుడు, విశాఖలో జగదాంబ కూడలి దగ్గర ఆ సినిమా చూసి బయటికి వస్తుంటే, నా ముందు నడుస్తున్న ఇద్దరు యువకులు ఫోనులో సందీప్ అసలు తల్లిదండ్రుల ఫొటో చూసుకుంటూ, సినిమాలో ఆ పాత్రలు వేసిన ప్రకాశ్‌రాజ్, రేవతి అంతగా ఏడిపిస్తే వీరేమిటి ఇంత మామూలుగా ఉన్నారని మాట్లాడుకున్నారు. 2008 నవంబరులో ముంబై తాజ్ హోటల్లో ఉగ్రవాదులతో పోరాడుతూ 31 ఏళ్లకే నేలకొరిగిన ఒక్కగానొక్క కొడుకు కోసం ఆ తల్లిదండ్రులు మోస్తున్న బాధ ఒక ఫొటోలో కనబడి తీరాలా? నటులకు మేకప్ ఉంటుంది, నేపథ్య సంగీతం ఉంటుంది, సన్నివేశం కుదిరేవరకు మళ్లీ మళ్లీ తీసే వెసులుబాటు ఉంటుంది. మా పిన్ని కొడుకు నౌకాదళంలో ఉద్యోగం చేస్తూ జబ్బుచేసి చనిపోయాడు. మల్కాపురంలో జరిగిన సంస్మరణ సభకు పిన్ని ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, కళ్లు తడవకుండా మొదటి వరుసలో కూర్చుంటే, కొడుకు పోయిన తల్లిలా ఉందా అని వెనుక ఎవరో అన్నారు. అది వాడు మొదటి జీతంతో కొనిచ్చిన చీర. అంచు చిరిగితే లోపలివైపు నుంచి సన్నని కుట్లు వేసి దాచుకుంది. ఆ కుట్లు నేను దగ్గరగా చూశాను. వెనుక కూర్చున్నవారికి అవి కనబడవు.