తేమ మీటరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చర్మపు తేమ మీటరు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. తమరు కుశలమే. ఇటు మోచేతి మడతకి మాత్రం గోక్కోవడంతోనే తెల్లారింది. నిన్న సాయంత్రమేమో తమరు ఆకుపచ్చ నవ్వుముఖం వెలిగించి "58 శాతం, చర్మం భేష్" అని సెలవిచ్చారు. ఎగ్జిమా తిరగబెట్టేముందే చెబుతారనే కదా, అంత పోసి కొన్నది!

58 శాతం దేంట్లో, మహాప్రభో? తమరు నీటిని కొలవనే కొలవరు. చర్మం పైపొరలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి, దాన్నే శాతం చేసి చెబుతారు. చెమటలో ఉప్పుంటుంది, కరెంటు జోరుగా పారుతుంది. అంటే మే నెల విజయవాడలో, ఒళ్లంతా చెమటపట్టి దురద లేచే సరిగ్గా ఆ గంటలోనే తమరికి చర్మం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఎగ్జిమాను రేపే చెమటకే తమరు మార్కులు వేస్తున్నారు! క్రీము రాసిన వెంటనే ఆనిస్తే క్రీము తడికీ వేస్తారు. గట్టిగా నొక్కితే ఒక అంకె, మెల్లగా తాకిస్తే ఇంకో అంకె.

చర్మం కాపుదల సడలిందో లేదో తెలియాలంటే చూడాల్సింది అందులోంచి ఆవిరైపోయే నీరు. దాన్ని చదరపు మీటరుకు గంటకు ఎన్ని గ్రాములని కొలిచే యంత్రం వేరే ఉంది. అదైనా మనిషిని చల్లటి గదిలో కాసేపు కూర్చోబెట్టాకే పని మొదలెడుతుంది. తమరు బాత్రూం ఆవిర్లో కూడా క్షణంలో తీర్పిచ్చేస్తారు.

మీ యాప్ ఇంకో ఘనాపాటి. ఫొటో చూసి "ఎరుపు లేదు" అంటుంది. చామనచాయ మీద వాపు ఊదాగానో బూడిదరంగుగానో తేలుతుందని దానికెవరూ చెప్పినట్టు లేదు. లొకేషన్ మాత్రం అడుగుతుంది. లోషన్ కూడా అమ్ముతుంది.

ఇక గారూ లేదు, గీరూ లేదు. విను. స్నానానికీ క్రీముకీ ముందు, ఫ్యాన్ కింద 20 నిమిషాలు కూర్చుని చెమట ఆరాక (ఎండాకాలం ఏసీ ఉంటే మేలు), నీ మూతి పొడిగుడ్డతో తుడిచి, రోజూ అదే చోట మూడుసార్లు ఆనిస్తాం. మధ్య అంకె రాసుకుంటాం. ఒక్కరోజు అంకెకు విలువ లేదు, వరసగా దిగిపోతుంటేనే నీ మాట వింటాం. అదీ పోయెమ్ (POEM) కాగితం, అంటే ఎగ్జిమా ఎంత ముదిరిందో మనమే మార్కులు వేసుకునే ప్రశ్నల పట్టిక, పక్కన పెట్టుకుని. దురద ఎన్ని రోజులు, నిద్ర ఎన్ని రాత్రులు చెడింది, ఇలా 7 ప్రశ్నలు, 28 మార్కులు. గడిచిన వారం సంగతే చెబుతుంది, జోస్యమని కోతలు కోయదు. 8 దాకా వచ్చిందంటే డాక్టరుకు చూపించే మాటే.

ఈలోగా చెమట చేతి మీద మళ్లీ ఆ నవ్వుముఖం పెట్టావో, బ్యాటరీ పీకి టీవీ రిమోట్‌లో వేస్తాం.