ఆరు బాతులు, సున్నా గుడ్లు

(కైకలూరు దగ్గర ఓ పల్లె. మార్గశిర మాసం, సాయంత్రం అయిదున్నర. వెనక కోసిన వరి చేలో మేసిన ఆరు ఖాకీ క్యాంబెల్ బాతులు వరసకట్టి పెరట్లోకి వస్తున్నాయి. అత్త అరుగు మీద కూర్చుని చేటలో నూకలు చెరుగుతోంది. కోడలు కొట్టంలో దూరి ఊకంతా కెలికి, వట్టి చేతులతో బయటికొచ్చింది.)

అత్త: ఇరవై వారాలు. నువ్వే గోడ మీద బొగ్గుతో గీతలు గీశావు. ఇరవై గీతలూ అయిపోయాయి, ఒక్క గుడ్డు లేదు. ఆ బాతుల అబ్బాయి అన్నీ మగవే అంటగట్టాడే నీకు.

కోడలు: అన్నీ మగవైతే తెల్లారగట్ల వీధి చివరికి వినపడేలా అరిచేదెవరు? మగబాతుకి అంత గొంతు ఉండదత్తయ్యా. జలుబు చేసినట్టు బొంగురుగా బుసబుసమంటుంది. క్వాక్ క్వాక్‌మని గోల చేసేవన్నీ ఆడవే.

అత్త: ఆ మాట మాత్రం నిజం. ఏ ఇంట్లోనైనా అంతే.

కోడలు: (విననట్టు) తోక చూడండి. పైన ఈక ఒకటి రింగు తిరిగి ఉంటే మగది. ఈకలు రాల్చే కాలంలో ఆ రింగు ఊడిపోతుంది కాబట్టి గొంతు కూడా వినాలి. రెండు గుర్తులూ కలిసింది అదిగో, ఆ ఆకుపచ్చ మూతివాడు ఒక్కడే. మిగతా అయిదూ పెట్టలు. ఆరేడు పెట్టలకి ఒక మగది చాలు. ఇంకోటుంటే పెట్టల మెడ మీద ఈకలు మిగలనివ్వవు.

అత్త: నేను తెల్లవి తెమ్మన్నాను. ముగ్గేసిన వాకిట్లో హంసల్లా తిరిగేవి.

కోడలు: అవి పెకిన్. మాంసానికి పెంచుతారు. ఏడు వారాలకి రెండున్నర కిలోలు తూగుతాయి, తిండీ ఆ లెక్కనే. మనక్కావలసింది గుడ్లు. ఈ ఖాకీవి బాగా మేపితే ఏడాదికి మూడొందల దాకా పెడతాయి. ఇంగ్లండులో క్యాంబెల్ అనే దొరసాని బాగా గుడ్లుపెట్టే ఇండియన్ రన్నర్ పెట్టని రూయెన్ మగబాతుతో కలిపి ఈ జాతిని తయారుచేసింది.

అత్త: తన పేరే పెట్టుకుందా? నలభై ఏళ్ళు గేదెల్ని మేపాను, ఒక్క దూడకైనా ఎవరూ నా పేరు పెట్టలేదు.

కోడలు: ఆ మొండి దూడకి మామయ్య పెట్టబోతే మీరే వద్దన్నారట.

అత్త: (చేట కింద పెట్టి) పది పిల్లల్ని తెచ్చావు, ఆరు మిగిలాయి. ముందు ఆ లెక్క చెప్పు.

కోడలు: చెప్తాను. రెండు మీ ఖాతాలో.

అత్త: నా ఖాతాలోనా! కొల్లేటి లంకలో పుట్టినదాన్ని. బాతుపిల్లకి నీళ్ళు చూపిస్తే తప్పా?

కోడలు: నాలుగో రోజునే తొట్లో వదిలారు. తల్లి కింద పెరిగిన పిల్లకి తల్లి ఒంటి నూనె అంటుతుంది కాబట్టి నీళ్ళలో దిగినా తడవదు. మనవి మిషన్లో పొదిగినవి. తోక దగ్గర నూనె గ్రంథి ఇంకా పనిచేయదు. నూగు తడిసి, చలికి ముడుచుకుని పోయాయి. మొదట్లో ముక్కు మునగాలి గానీ ఒళ్ళు మునగకూడదు. అందుకే పళ్ళెంలో గులకరాళ్ళు పోశాను. వాటిని మీరు తీసి తులసికోట చుట్టూ పేర్చారు.

అత్త: అందంగా ఉన్నాయిలే. మూడోది?

కోడలు: (తగ్గి) అది నాదే. మూలనున్న వేరుశనగ చెక్క దంచి పెట్టాను. పైకి బాగానే ఉంది, లోపల బూజు.

అత్త: నేను వాసన చూసే చెప్పాను!

కోడలు: చెప్పారు. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కోడి కొంత తట్టుకుంటుంది, బాతు తట్టుకోదు, కాలేయం పోతుంది. ముక్కిన మొక్కజొన్న అయినా, చెమ్మగిల్లిన తవుడైనా అంతే. గేదెకి వేసినా వేద్దాం, బాతుకి మాత్రం వద్దు.

అత్త: గేదెకెందుకు వేస్తావే, పాలు నువ్వు తాగవా? పెంటలో పారెయ్. నాలుగోది?

కోడలు: మీ అబ్బాయి. కొట్టానికి రెండంగుళాల కన్ను ఉన్న జాలీ కొట్టారు. ముంగిస తల దూరితే ఒళ్ళూ దూరుతుంది. ఇప్పుడు అరంగుళం కన్నుది వేశాను.

అత్త: వాడి మీద పెట్టకు. నువ్వు కొలత చెప్పలేదు.

కోడలు: చీటీ మీద రాసిచ్చాను. ఆ చీటీ వెనకే పేకాట లెక్కలు వేసుకున్నారు.

(మూడు బాతులు తొట్టి దగ్గర ఆగాయి. అత్త లేచి, ఒకదాన్ని కోడిని పట్టినట్టు కాళ్ళు పట్టుకోబోయింది.)

కోడలు: అయ్యయ్యో, కాళ్ళు కాదు! బాతు కాలు బలహీనం, వేలాడదీస్తే తుంటి జారుతుంది. మెడ మొదట్లో మెల్లగా పట్టి ఆపండి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి, రెక్కలు మీ ఒంటికి అదిమి ఎత్తండి. తోక మాత్రం మీ వైపు...

(ఆలస్యమైపోయింది. అత్త చీర అంచు దాకా తడిసింది.)

అత్త: ముందే చెప్పాలి కదే!

కోడలు: ఆ ముక్క చెప్పబోతూనే ఉన్నాను.

అత్త: (చీర దులుపుకుంటూ) పెట్టకపోవడానికి కారణం తిండే. తవుడు నీళ్ళలో కలిపి పోస్తే మా పుట్టింటి బాతులు గుమ్మడికాయల్లా పెరిగేవి.

కోడలు: మీ పుట్టింటి బాతులకి కొల్లేటి నత్తలుండేవి. మాంసకృత్తులు అక్కడ నీళ్ళలో దొరికేవి, ఇక్కడ మనం కొనాలి. పిల్లలకి మొదటి మూడు వారాలు నూటికి ఇరవై పాళ్ళు ఉండాలి, తర్వాత పదహారు, పద్దెనిమిది చాలు. ఎక్కువైనా చిక్కే, రెక్క బయటికి మెలితిరిగి పోతుంది. కోడిపిల్లల మేతే పెడితే దాన్లో నయాసిన్ అనే విటమిన్ చాలక కాళ్ళు వంకరపోతాయి. ఆ కుంటిది ఈస్ట్ పొడి కలిపి పెట్టాకే కదా నిలబడింది?

అత్త: నిలబడింది నా మొక్కుకి.

కోడలు: ఇప్పుడు పెట్టలకి నూకలు, తవుడు, ఎండుచేపల పొడి తడిపి పెడుతున్నాను. ఒక్కోదానికి రోజుకి నూట ఇరవై, నూట యాభై గ్రాములు, చేలో ఏరుకున్నది కాక. పెంకు గట్టిపడటానికి దంచిన ఆల్చిప్ప విడిగా గిన్నెలో. పక్కనే నీళ్ళు.

అత్త: ఆ నీళ్ళే నా ప్రాణం తీస్తున్నాయి. తినడం, మూతి ముంచడం, మళ్ళీ తినడం. సాయంత్రానికి తొట్టి పాయసం.

కోడలు: పొడి మేత గొంతుకి అడ్డం పడుతుంది కాబట్టి ప్రతి ముద్దకీ నీళ్ళు కావాలి. అరడుగు లోతుంటే కళ్ళూ, ముక్కు బెజ్జాలూ కడుక్కుంటాయి. చెరువు లేకపోయినా పర్లేదు, తల మునిగే లోతు లేకపోతే కళ్ళు పుసికట్టి మూసుకుపోతాయి. తొట్టి ఊక మీద పెట్టింది ఎవరో తెలుసా?

అత్త: ఎండలో నీళ్ళు వేడెక్కుతాయని లోపల పెట్టాను.

కోడలు: ఒలికిన నీళ్ళకి ఊక తడిసి ఘాటెక్కింది, అందుకే కొట్టంలోకి వెళ్తే కళ్ళు మండాయి. తొట్టి కింద గుంట తవ్వి, కంకర నింపి, పైన జాలీ వేయాలి. ఒలికింది అందులోకే ఇంకుతుంది.

అత్త: సరే. ఇవన్నీ చేశావు. గుడ్డేదీ?

(కోడలు ఒక పెట్టని ఒడిసి పట్టి, తోక వెనక్కి తిప్పి చంకలో ఇరికించుకుంది. తోక కింద చేత్తో తడిమింది. ఆగింది. మళ్ళీ తడిమింది.)

కోడలు: అత్తయ్యా, చెయ్యి ఇలా ఇవ్వండి. ఇక్కడ రెండు వైపులా రెండు సన్నటి ఎముకలు తగులుతున్నాయా? మధ్యలో వేళ్ళు పెట్టండి. ఎన్ని పట్టాయి?

అత్త: మూడు.

కోడలు: గుడ్డు పెట్టనిదానికి ఒక్క వేలు దూరడం కష్టం. ఇదేమో మూడు. పైగా మెత్తగా, తేమగా ఉంది. (ఇంకోటి పట్టింది) ఇదీ మూడే. (మరోటి) ఇది రెండున్నర. ఇవి పెడుతున్నాయత్తయ్యా! కనీసం వారం నుంచీ!

అత్త: కొట్టంలో లేవుగా. పాము మింగిందంటావా?

కోడలు: రోజూ మూడేసి మింగే పామైతే జాలీ కంట్లోంచి దూరదు. మీరు తలుపు ఎన్నింటికి తీస్తున్నారు?

అత్త: అయిదున్నరకి. కోడి కూయగానే. పాపం లోపల ఊపిరాడదు కదా.

కోడలు: అయిదున్నరకా! బాతులు పెట్టే గుడ్లలో నూటికి తొంభై పైన పొద్దున్న తొమ్మిదిలోపే పడిపోతాయి. అప్పటిదాకా మూసి ఉంచాలి. మీరు వదిలితే ఎక్కడ పెడతాయి? కోడిలా తన చోటు వెతుక్కుంటూ రాదు, నడుస్తూ నడుస్తూ వదిలేస్తుంది. లేదంటే చీకటిగా, మెత్తగా ఉన్న చోట దూరుతుంది.

అత్త: మన చేలో మెత్తటి చోటేముంది? పక్కింటివాళ్ళ గడ్డివామి ఒక్కటే...

(ఇద్దరూ గోడ వైపు చూశారు. గోడకి ఆనుకుని గడ్డివామి. దాని అడుగున బాతు దూరేంత బొరియ.)

కోడలు: వంటింట్లో ఆ స్టీలు గిన్నె మీద మూత ఎవరిది?

అత్త: పక్కింటావిడ పంపింది. గుడ్ల పులుసు. దేవత లాంటి మనిషే. కార్తీకం అయింది మొదలు ఇది నాలుగో గిన్నె. మనం ఒక్కసారైనా తిరిగి పంపామా?

కోడలు: వాళ్ళకి కోళ్ళున్నాయా?

అత్త: (ఆలోచించి) కుక్క ఉంది.

(కోడలు గిన్నె తెచ్చింది. ఒక గుడ్డు గరిటెతో పైకి తీసింది. నాటుకోడి గుడ్డు నలభై గ్రాములు తూగితే ఎక్కువ. ఇది గరిటె అంచుల దాకా నిండింది. పచ్చసొన పెద్దది, తెల్లసొన రబ్బరులా నొక్కుకుంటోంది.)

కోడలు: అరవై అయిదు గ్రాములు ఉంటుంది. ఇది మన ఖాకీదే.

అత్త: అంటే మన గుడ్డు మనకే పంపి, దేవత అనిపించుకుందా!

కోడలు: మూడు పెడితే ఒకటి పంపుతుంది. రేపటి నుంచి తొమ్మిదికే తలుపు. లోపల చీకటి మూల నేల మీద రెండు పెట్టెలు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. మూడు పెట్టలకి ఒకటి చొప్పున. సున్నం రాసిన గుడ్డులాంటి రాయి ఒకటి పెడితే అక్కడే పెట్టడం నేర్చుకుంటాయి. మేత, నీళ్ళు కూడా లోపల. ఇప్పుడు పగటి వెలుగు పదకొండు గంటలే, వాటికి పద్నాలుగైనా కావాలి. చిన్న బల్బు ఒకటి సాయంత్రం వేద్దాం, వారానికి అరగంట చొప్పున పెంచుతూ.

అత్త: పులుసు మాత్రం ఒప్పుకోవాలే. చింతపండు ఎంత వేసిందో గానీ మన ఇంట్లో ఆ రుచి ఎప్పుడూ రాలేదు.

కోడలు: (నడుం మీద చెయ్యి పెట్టి) ఈ ఇంట్లో పులుసు పెట్టేది నేనేనండీ.

అత్త: తెలుసు. అందుకే అంటున్నా, శనివారం ఒక్కరోజు అయిదున్నరకే తీద్దామా?