చదివింపులకు గిఫ్ట్ కార్డా?

పెళ్లికి యాప్‌లో గిఫ్ట్ కార్డు పంపేవాళ్లు ముందు చూసేది రంగురంగుల డిజైన్‌నే. ఇచ్చేవారి మనసంతా అవతలివాళ్లు దాన్ని తెరిచే క్షణం మీదే ఉంటుంది. పుచ్చుకున్నవారికి కావలసింది వాడుకోవడం! 1,116 రూపాయల కార్డుతో 1,050కి చీర కొన్నారనుకోండి, ‘ఒకే బిల్లుకు వాడాలి’ అనే షరతు ఉంటే మిగతా 66 పోయినట్టే. ఆ షరతు ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైగా కోడ్ మెసేజీలో వస్తుంది. పెళ్లి హడావిడిలో శుభాకాంక్షల కింద కూరుకుపోయి, గడువు దాటాక కంటపడుతుంది. డబ్బు కట్టేముందే గడువు తేదీ, విడతలుగా వాడొచ్చో లేదో చదవండి. వాళ్ల ఊళ్లో ఆ దుకాణం ఉందా? లేకపోతే 1,116 నేరుగా యూపీఐలో పంపండి. డబ్బు పంపడానికి మొహమాటమెందుకు, చదివింపులు మనకు కొత్తా?