‘ఈసీజీ నార్మల్’ అన్నాక ఆ రక్తం ఏమైంది?

ఛాతీలో నొప్పంటే రాత్రి రెండింటికి మా బావను మారతహళ్లి దగ్గర ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఊరు ధర్మవరం, వయసు 42, ఉద్యోగం బెంగళూరులో. ఈసీజీ తీశారు. రక్తం తీసి, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష చేశారు, మూడు గంటలాగి మళ్లీ చూశారు. రెండుసార్లూ ఏమీ లేదు. ‘అంతా నార్మల్, గ్యాస్ అయ్యుంటుంది’ అని బిళ్లలు రాసి పంపేశారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఏడాది తర్వాత కంపెనీ హెల్త్ చెకప్‌లో బావ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 196 అని తేలింది. అది రాత్రికి రాత్రి పెరిగేది కాదు. ఆరోజు తీసిన రక్తంలోనూ ఉండే ఉంటుంది, ఎవరూ చూడలేదంతే.

డాక్టర్లు తప్పు చేశారని అనను. ఇప్పుడు గుండెపోటు వచ్చిందా లేదా అన్నది వాళ్ల ప్రశ్న, దానికి సరిగ్గానే జవాబు చెప్పారు. కానీ ‘నార్మల్’ అన్న మాట మా చెవికి ‘గుండెకు ఢోకా లేదు’ అని వినిపించింది. గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ ట్రోపోనిన్ చెబుతుంది. నాళాల గోడల్లో ఏళ్ల తరబడి పేరుకుంటున్న కొవ్వు సంగతి దానికి పట్టదు.

ఎల్‌డీఎల్ 190 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టడానికి వేరే లెక్కలు అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నలభై దాటిన షుగర్ రోగులకూ అది ఇవ్వాల్సిన మందే. కొలెస్ట్రాల్ పరీక్షకు పరగడుపున రమ్మనే పాత షరతు కూడా పోయింది. తొలి పరీక్ష ఏమీ తినకుండానే చేయాలని లేదని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాడి రక్తమూ పనికొస్తుందన్నమాట.

కొలెస్ట్రాల్ చూసి మందు మొదలుపెట్టే పని ఎమర్జెన్సీలోనే ఎందుకంటే, బెంగళూరులోని మనవాళ్లలో చాలామందికి ఇంకో డాక్టరే లేడు. జ్వరమొస్తే మందుల షాపు, నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ. అద్దె ఇల్లు మారితే పక్క వీధి క్లినిక్కూ మారిపోతుంది. వొంట్లో బాగానే ఉన్న నలభై ఏళ్ల మనిషి ఈసీజీ మంచమెక్కేది ఛాతీ పట్టేసిన రాత్రి మాత్రమే. పైగా 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు మిగతావారికంటే సుమారు ఆరేళ్లు ముందే, 53 ఏళ్ల ప్రాంతంలో, వచ్చినట్టు తేలింది.

2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు ఈ నగరం గుండె ఆసుపత్రులకు పరుగెత్తింది. 2025 జులైలో హాసన్ జిల్లాలో గుండెపోటు మరణాల వార్తలొచ్చాక ఇక్కడి ప్రభుత్వ గుండె ఆసుపత్రి జయదేవ ముందు మళ్లీ బారులు తీరారు. కర్ణాటక ప్రభుత్వం పునీత్ పేరుతోనే హృదయజ్యోతి పథకం పెట్టి, గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను తాలూకా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తోంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టగల పని అది. కానీ ఆ ఖరీదైన ఇంజెక్షన్ గుండెపోటు వచ్చిన రోజుకు. ఆ రోజు రాకుండా చూసే అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ బిళ్ల జన ఔషధి కేంద్రంలో చవగ్గా దొరుకుతుంది. అది ముందే చేతికందాలి కదా!

ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఎమర్జెన్సీలోనే కొలెస్ట్రాల్ చికిత్స మొదలుపెట్టే పద్ధతిని అమెరికాలో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వైద్యులు పరీక్షిస్తున్నారు. ఇక్కడి ఎమర్జెన్సీ డాక్టర్లను అడిగితే ‘మాకున్న రద్దీలో ఇదొకటా’ అంటారు. ఆ మాటకు ఒక్కటే జవాబు, ఒంట్లో సూది మళ్లీ గుచ్చక్కర్లేదు, ల్యాబ్ కాగితంలో ఇంకో గడి నింపితే చాలు. ‘తర్వాత ఎవరు చూస్తారు’ అన్న ప్రశ్నను మాత్రం తేలిగ్గా తీసెయ్యలేం. స్టాటిన్ ఏళ్ల తరబడి వాడాల్సిన మందు. కొందరికి కండరాల నొప్పులొస్తాయి, గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. అందుకే 190 దాటినవారికి, నలభై దాటి షుగరున్నవారికి, అంటే సందేహానికి తావులేని కేసులకే అక్కడ మొదలుపెట్టాలి. మిగతావారికి ఫలితం చేతికిచ్చి, ఏ డాక్టరును కలవాలో డిశ్చార్జి కాగితం మీద రాస్తే చాలు, అదీ తెలుగులోనో కన్నడంలోనో.

మందు మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో మళ్లీ రక్తం చూడాలి. దానికి బెంగళూరే రానక్కర్లేదు. బావ పండక్కి ఊరెళ్లినప్పుడు ధర్మవరంలోనే ఇచ్చొచ్చాడు.