ఏకాగ్రత అనే కొత్త దురలవాటు

ఆఫీసుల్లో ఒక అవాంఛనీయ ధోరణి పాకుతోంది. కొందరు ఉద్యోగులు టీ, కాఫీలు తగ్గించేసి, అయినా సరే పని చేస్తున్నారు. గుండె దడ లేదు, కడుపులో మంట లేదు, రాత్రి పడుకోగానే నిద్ర. ఇలాంటివాళ్ల వల్ల సంస్థలకూ, సందు చివర టీ బండికీ జరిగే నష్టం గురించి మాట్లాడే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. వాళ్లు వాడే పద్ధతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతాం. పై అధికారులు పసిగట్టి మొగ్గలోనే తుంచేస్తారని ఆశ.

ముందు కెఫీన్ చేసే మేలు చెప్పుకోవాలి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది వెళ్లి తన గ్రాహకాలకు, అంటే మెదడు కణాల మీద తనకోసం ఉన్న చోట్లకు, అతుక్కుంటే మగత కమ్ముతుంది. కెఫీన్ అంతకంటే ముందే వెళ్లి ఆ చోట్లు ఆక్రమిస్తుంది. చేసేది అంతే, కొత్తగా శక్తి ఏమీ ఇవ్వదు. అప్పులవాడు గుమ్మంలోకి వస్తే తలుపేసుకుని కూర్చోవడం లాంటిదన్నమాట. అప్పు తీరదు, వడ్డీ ఆగదు, కానీ ఆ కాసేపూ ఇంట్లో ఎంత ప్రశాంతత! చాలా సంస్థలు ఒక క్వార్టర్ నుంచి ఇంకో క్వార్టర్‌కి నడిచేది ఇదే పద్ధతిలో కదా, కెఫీన్‌ని మాత్రం తప్పు పట్టడం ఎందుకు?

అయినా తప్పు పట్టేవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దంది. వాళ్ల లెక్కలో 150 మి.లీ. కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మి.గ్రా. ఉంటుంది.

మాదాపూర్‌లో పనిచేసే సగటు ఉద్యోగి పద్దు రాసి చూద్దాం. పొద్దున 9కి ఇంట్లో ఫిల్టర్ కాఫీ, అందులో కెఫీన్ 100 మి.గ్రా. పదకొండింటికి టీ, 40. మధ్యాహ్నం 2కి మెషిన్ దగ్గర ఇన్‌స్టంట్ కాఫీ, 60. నాలుగున్నరకి టీ, 40. ఆరింటికి, అమెరికావాళ్ల కాల్ మొదలవకముందు, ఇంకో టీ, 40. మొత్తం 280. హద్దు దాటలేదు, బుద్ధిమంతుడే. కానీ ఒంట్లో ఉన్న కెఫీన్ సగం కరగడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. (గర్భిణులకు ఇంకా ఎక్కువసేపు. సిగరెట్ తాగేవాళ్లకు తక్కువసేపు, అలాగని దాన్ని లాభంలో వేసుకోకండి.) ఆ లెక్కన రాత్రి 11కి మనవాడి ఒంట్లో దాదాపు 75 మి.గ్రా. మిగిలే ఉంటుంది. అంటే నిండు కప్పు ఇన్‌స్టంట్ కాఫీ తాగి, పైన కొసరు కూడా వేయించుకుని దుప్పటి కప్పుకున్నాడు. నిద్ర పట్టినా గాఢంగా పట్టదు. తెల్లారి లేచేసరికి ఒళ్లు బరువు. అందుకని 9 గంటల కాఫీ ఇంకాస్త స్ట్రాంగుగా. రోజూ మనిషిని ఇంత కచ్చితంగా మెషిన్ దగ్గరికి రప్పించడం ఏ బయోమెట్రిక్ వల్లా కాలేదు.

సోమవారం పొద్దున ఒట్టేసుకుని ఒక్కసారిగా మానేసేవాళ్ల గురించి యాజమాన్యాలు బెంగపడక్కర్లేదు. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, మబ్బు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ముదురుతాయి, కొందరిని తొమ్మిది రోజుల దాకా వదలవు. మంగళవారం మధ్యాహ్నానికల్లా మనిషి మళ్లీ దారికొస్తాడు. తలనొప్పికి మాత్ర వేసుకున్నా మనకు మేలే. కొన్ని మాత్రల్లో కెఫీన్ కలిపే ఉంటుంది, అట్ట వెనక చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. గ్రీన్ టీకి మారినవాళ్లూ మనవాళ్లే. అందులోనూ కెఫీన్ ఉంది, మామూలు టీ కంటే కాస్త తక్కువ, అంతే. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మి.గ్రా. దాకా ఉండనిచ్చింది మన చట్టం. ఆ లెక్కన 250 మి.లీ. డబ్బాలో 75 దాకా పట్టొచ్చు.

అసలు ముప్పు నిదానస్తులతోనే. వీళ్లు మొదట కోసేది పొద్దుటి కాఫీని కాదు, సాయంత్రం ఆరింటి టీని. నాలుగు రోజులాగి నాలుగున్నరది. పై పద్దులో ఈ రెండూ తీసేస్తే రాత్రి 11కి మిగిలేది 75 కాదు, 40 లోపే. పొద్దుటి సుఖం ఎక్కడికీ పోలేదు, నిద్ర మాత్రం తిరిగొచ్చింది. తర్వాత మెషిన్ కాఫీ బదులు టీ. ఆఖర్న వంటింట్లోకి వస్తారు. కాఫీ పొడిలో కలిపే చికోరీ అనే వేరు పొడిలో కెఫీన్ ఉండదని వీళ్లకు తెలుసు. పొడి కొట్టించేటప్పుడు కాఫీ, చికోరీ 80:20 బదులు 60:40 పట్టించమంటారు. ఆ పొట్లం అయిపోయాక 51:49. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన, లేకపోతే అక్కడా ఆగేవాళ్లు కాదేమో. చికోరీ పెరిగేకొద్దీ డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది కనుక ఇంట్లో అత్తగారికి కూడా అనుమానం రాదు, పైగా ఇవాళ కాఫీ బాగా కుదిరిందంటారు. పట్టుబడేది ఒక్కచోటే. చికోరీ ఎక్కువైన పొడిని ఫిల్టర్‌లో గట్టిగా అదిమితే డికాక్షన్ దిగదు, తెల్లారి చూస్తే నీళ్లు పై గిన్నెలోనే నిలబడి ఉంటాయి. అందుకని వాళ్లు పొడిని అదమరు, పైన సమంగా సర్ది వదిలేస్తారు.

ఇదంతా ఒక ఎత్తు. టీ అక్కర్లేకుండా చేసుకోవడం ఇంకో ఎత్తు. అసలు టీ మీదికి మనసు పోయే వేళలన్నీ వేరే దేనికో కొరత ఏర్పడ్డ వేళలని వీళ్లు కనిపెట్టారు.

మీటింగ్ రూమునే తీసుకోండి. తలుపు మూసి, పన్నెండు మందిని కూర్చోబెట్టి, స్ప్లిట్ ఏసీ 22లో పెడతారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. బయట కార్బన్ డయాక్సైడ్ దాదాపు 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) ఉంటే ఇలాంటి గదిలో గంట తిరక్కముందే 1,000 దాటేస్తుంది. అంటే అప్పటికి అందరూ ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు పీలుస్తున్నారు. మూడో స్లైడుకి ఆవలింతలు, ఐదో స్లైడుకి ఎవరో ఒకరు లేచి “టీ చెబుదామా సార్” అనడం. ఏకాగ్రతపరులు మాత్రం తలుపు బార్లా తెరిచిపెడతారు, నలభై నిమిషాలకోసారి గది ఖాళీ చేయిస్తారు. కొన్ని వేలు పోసి చిన్న మీటరు కొని బల్ల మీద పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. తలుపు తెరిస్తే లోపల ఏం చర్చిస్తున్నారో బయటికి వినిపిస్తుంది. ఏమీ చర్చించడం లేదని కూడా వినిపిస్తుంది. ఇది ఎంత ప్రమాదమో వివరించి చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఒంటి గడియారమే మనిషి చురుకును కాస్త తగ్గిస్తుంది, అన్నం తినకపోయినా సరే. దాని మీద క్యాంటీన్ వాడు పప్పన్నం, సాంబారన్నం, రసమన్నం, పెరుగన్నం వరసగా పెడితే ఇక చెప్పేదేముంది. వీళ్లు ముందు కూర, పప్పు, గుడ్డు లాంటివి తినేసి, అన్నం ఆఖర్న, అదీ మామూలులో సగం తింటారు. అలా తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తర్వాత పది పదిహేను నిమిషాలు ఎండపొడ తగిలేలా నడక. భోజనం మీద వెంటనే టీ తాగరు. అందులోని టానిన్లు తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కనుక గంట ముందూ, గంట తర్వాతా వద్దని తార్నాకవాళ్లే చెప్పారు. ఇక కారులోనో, ఎవరూ రాని మెట్ల దగ్గరో ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని కునుకు తీస్తారు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక తల ఇంకా దిమ్మెక్కుతుందని వీళ్లకు ఎరుకే. కళ్లు మూసుకుని ఇరవై నిమిషాలు నిద్రపోతే క్రమశిక్షణ చర్య, కళ్లు తెరుచుకుని రెండు గంటలు నిద్రపోతే టీమ్ స్పిరిట్. ఈ నియమం మారకుండా చూసుకోవాలి.

అన్నిటికంటే బరితెగింపు పని వేళల్లో కనిపిస్తుంది. పొద్దున వచ్చీరాగానే మెయిల్ తెరవరు. కష్టమైన పని ఏదో ఒకటి పట్టుకుని గంటన్నర దాన్నే చేస్తారు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం చాలదని బ్యాగులో వేసి జిప్ లాగేస్తారు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరుతో మొదలుపెట్టిన 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం పద్ధతి కొందరు పాటిస్తారు. కోడ్ రాసేవాళ్లకు ఆ పాతిక చాలదు, తలలో అన్నీ సర్దుకునేలోపే గంట మోగుతుంది. అందుకని యాభై, పది చేసుకుంటారు. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచే ముందు కాగితం మీద ఒక ముక్క రాస్తారు, ఎక్కడ ఆపారో, రాగానే ఏం చేయాలో. “జీఎస్టీ కాలమ్ 40వ వరస దాకా సరిపోయింది, 41లో తేడా” అని. తిరిగొచ్చాక ‘ఏం చేస్తున్నాను’ అని గుర్తు తెచ్చుకోవడానికి ఒక టీ తాగే ఆనవాయితీ అలా మంటగలిసిపోతోంది. మెయిల్ చూసేది పదిన్నరకి, ఒంటిగంటకి, నాలుగింటికి. వాట్సాప్ గ్రూపులో బాస్ పెట్టిన సూర్యోదయం ఫోటోకి ఒంటిగంటకి నమస్కారం పెట్టేవాడు సంస్థలో పైకెలా వస్తాడు?

అలాగని వీళ్లు టీ బండి దగ్గరికి రావడం మానలేదు. అందరితో పాటే లేస్తారు, మెట్లు దిగుతారు, వెలుతురులో పది నిమిషాలు నిలబడి కబుర్లు చెబుతారు. చేతిలో మాత్రం మజ్జిగో, ఉప్పేసిన నిమ్మరసమో. విరామంలో ఒంటికి అందే మేలులో చాలా భాగం లేవడం, నడవడం, స్క్రీన్ మీంచి చూపు తిప్పడం వల్లేనని, కప్పులో ఏముందన్నది ఆ తర్వాతి సంగతని వీళ్ల వాదన. టీ బండి ఆయన కూడా ఎదురు చెప్పడం లేదు, నిమ్మరసం మీద ఐదు రూపాయలు ఎక్కువే మిగులుతోందట.

యాజమాన్యాలు ఒక్కసారి ఖర్చు చూసుకోవాలి. బయటి గాలి వచ్చే ఏర్పాటు చేయాలంటే లక్షలు. రాత్రి పది దాకా సాగే కాల్స్ తగ్గించాలంటే క్లయింటుతో మాట్లాడాలి. మీటింగులు తగ్గిస్తే మేనేజర్లకు పని చూపించాలి. ఉద్యోగికి రోజుకు నాలుగు టీలు పోస్తే అయ్యేది నలభై రూపాయలు. అందుకని ఫ్లాస్కు ఎప్పుడూ నిండుగా, చేతికందేలా ఉంచండి. తలుపులకు డోర్ క్లోజర్లు బిగించండి. కిటికీ పక్క సీట్లలో మనుషులు ఎవరైనా కూర్చుని ఉంటే లేపి లోపలికి పంపి, అక్కడ ప్రింటర్ పెట్టించండి.