క్రికెట్ షెడ్యూల్ గారికి, మారతహళ్లి నుంచి

మహారాజశ్రీ క్రికెట్ షెడ్యూల్ గారి సముఖానికి,

బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్సు ఉంది. అక్కడ టీవీ చూస్తూ ముద్దపప్పు కలుపుకునే తెలుగు జనం తరఫున, ఆటగాళ్ల పురిటి సెలవు గురించి ఈ లేఖ.

మీరు మొండివారని అంటారు గానీ నేను ఒప్పుకోను. 2009లో ఎన్నికలు అడ్డొస్తే ఐపీఎల్‌ని మూటగట్టుకుని దక్షిణాఫ్రికాకే వెళ్లారు. 2023 ఫైనల్‌కి అహ్మదాబాద్‌లో వాన కురిస్తే మర్నాటికి జరిగారు. ఓట్లకు జరుగుతారు, వానకు జరుగుతారు. నెలల ముందే కబురు పెట్టి వచ్చే పురుడొక్కటే మీకు అకాల వర్షం.

అలాగని సెలవు ఇవ్వరని కాదు, మనిషిని చూసి ఇస్తారు. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో మన జట్టు 36కి ఆలౌటయ్యాక, ముందే చెప్పిన ప్రకారం అప్పటి కెప్టెన్ కోహ్లీ భార్య పురిటికి ఇంటికొచ్చాడు. రావాల్సిందే. అదే టూర్‌లో అప్పట్లో మన సన్‌రైజర్స్ బౌలరైన నటరాజన్ కూడా ఉన్నాడు, సేలం జిల్లా పల్లెటూరి కుర్రాడు. యూఏఈలో ఐపీఎల్ ఆడుతుండగా కూతురు పుట్టింది. ఇంటికి కాదు, అటు నుంచి అటే ఆస్ట్రేలియా వెళ్లాడు. మొదట నెట్ బౌలర్‌గా, అంటే ప్రాక్టీసులో బంతులేసేవాడిగా పేరు వేశారు. ఆ టూర్‌లోనే మూడు ఫార్మాట్లలోనూ తొలి మ్యాచ్ ఆడి, జనవరిలో అంతా అయ్యాకే పాపను ఎత్తుకున్నాడు. ఈ తేడా ఏమిటని గవాస్కర్ అప్పుడే తన కాలమ్‌లో అడిగాడు. నటరాజన్ అడిగితే మీరు ఇచ్చేవారేమో. కానీ చోటు ఖాయం కానివాడు నోరు తెరిచి అడుగుతాడా?

మా మెస్సు కుర్రాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తండ్రయితే 15 రోజుల సెలవుంది. ప్రైవేటువాడికి చట్టంలో ఆ ఊసే లేదు. మేనేజరు సెలవు పెడితే ఆఫీసంతా స్వీట్లు. కాంట్రాక్టు మీద టెస్టింగ్ చేసేవాడు మాత్రం లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు. భార్య పుట్టింట్లో పురుడు పోసుకుంటుంటే వీడు సామర్లకోట దాకా సిగ్నల్ వెతుక్కుంటూ కాల్ మాట్లాడతాడు.

ఇక మా ప్రేక్షకుల ధర్మనిరతి. 2024 నవంబరులో కొడుకు పుట్టాడని అప్పటి కెప్టెన్ రోహిత్ ఆస్ట్రేలియాలో పెర్త్ టెస్టు ఆడలేదు. బుమ్రా కెప్టెన్సీలో 295 పరుగులతో గెలిచాం. ‘ఫ్యామిలీ ముఖ్యం కదండీ’ అన్నారు మెస్సులో. అతనొచ్చాక అడిలైడ్‌లో పది వికెట్లతో ఓడాం. అవే నోళ్లు: ‘ఇంకో నెల పిల్లాణ్ణి ఆడించుకుంటూ ఉంటే పోయేది!’ 2025 మార్చి 24న విశాఖలో ఢిల్లీ ఐపీఎల్ మ్యాచ్‌కి ఆ జట్టులోని మన బెంగళూరు కుర్రాడు కె.ఎల్. రాహుల్ లేడు, ఆ రోజే కూతురు పుట్టింది. ఢిల్లీ ఒక్క వికెట్ తేడాతో గట్టెక్కింది కాబట్టి పాప పుట్టిన వేళావిశేషమన్నారు. ఆ చివరి వికెట్టూ పడి ఉంటే, కళ్లయినా తెరవని పసిగుడ్డు మీద ఎంత నింద పడేదో! కన్నతల్లి ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక్క విన్నపం. జట్టు ప్రకటించే రోజునే ఎవరింట్లో పురుడుందో మీరే అడిగి రాసుకోండి. అడగడం నెట్ బౌలర్ల దగ్గర మొదలుపెట్టండి. కెప్టెన్లు ఎలాగూ వాళ్లే చెబుతారు.

ఇట్లు,
తమ విధేయుడు