ఉత్తరం ఆకాశంలో ఉంది

మా మేనల్లుడు తిరుపతిలోనే, పేరు చెబితే ఫీజు గుర్తొచ్చే స్కూల్లో తొమ్మిదో తరగతి. మొన్న సాయంత్రం మిద్దె మీద "ఉత్తరం ఏ పక్కరా?" అని అడిగితే వేలెత్తి ఆకాశం చూపించాడు. "పైన మామా." మ్యాపులో అంతే కదా మరి! తిరుపతిలో 'పైకి' అంటే కొండకే, కొండ ఊరికి ఉత్తరానే, కాబట్టి అర మార్కు వేశాను.

భూగోళం చెప్పే పద్ధతుల్లో గైడు పద్ధతి పాతది, నిజాయితీ గలది: బట్టీ పట్టు, రాయి, మరిచిపో. ఇప్పుడు డిజిటల్ ప్యానెల్ వచ్చింది. ఆ రోజు పాఠం తూర్పు కనుమలు. తెర మీద వెలుతురు పడుతోందని కిటికీకి పరదా లాగారు. పరదా వెనకాల శేషాచలం. అంటే తూర్పు కనుమలే. వాటిని మూసేసి తూర్పు కనుమల డ్రోన్ వీడియో పెట్టారు. నెట్ ఆగింది. కోట్ల ఏళ్లుగా కదలకుండా కూర్చున్న కొండ పది నిమిషాలు లోడవుతూనే ఉంది. నలభై మంది పిల్లలు ఆ తిరిగే చక్రాన్ని భక్తిగా చూశారట. లోడయ్యాక చప్పట్లు కూడా కొట్టారట!

ఫీల్డ్ ట్రిప్ ఉంది లెండి. చెన్నై మాల్‌కి. ఘాట్ రోడ్డు పక్కన, కింది గ్రానైటుకీ పైన పేరుకున్న క్వార్ట్‌జైటు రాయికీ నడుమ పదుల కోట్ల ఏళ్ల నాటి పొరలు మాయమైన చోటుంది. దాని పేరే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. దానికి ఎస్కలేటర్ లేదు, ఏం చేస్తాం.

అమెజాన్ ఉపనదులు గడగడా అప్పజెప్పే వీడికి మన స్వర్ణముఖి ఏరు అంటే ఇసుక ట్రాక్టర్ల దారి. 2021 నవంబరు వానలకు ఇదే స్వర్ణముఖి పొంగింది, ఊళ్లో వీధులు ఏరులయ్యాయి. వీణ్ణి భుజాన వేసుకుని మోకాటి లోతు నీళ్లలో నేనే నడిచాను. మనకు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే ఎందుకు దంచుతాయి, కొండ మీద పడిన నీళ్లు ఎటు దిగాలి, ఆ దారిలో ఏ వంకను పూడ్చారు, ఏ చెరువును ప్లాట్లేసి అమ్ముకున్నారు? ఒక్క పీరియడ్ చాలు. చెప్పరు! చెబితే పిల్లలు ఇంటికొచ్చి "నాయనా, మనిల్లు చెరువులో కట్టినారా?" అని అడుగుతారు. అడగనీండి! సిగ్గుతో తలొంచుకోవాల్సింది మనమే కదా, వాళ్లెందుకు మునగాల?

పేరెంట్స్ మీటింగులో ఒక్కటే అడిగాను, ఆ పరదా తీయమని.

"తీస్తే పిల్లలు బయటికి చూస్తారు సార్" అన్నారు.